మర్యాద మన నోటినుండే మొదలు కావాలి
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాల గురించి, బోనసు గురించి మనము ఎన్నో తీర్మానాలు చేసుకొన్నాము. ఈనాడు ఒక చిన్న మాటను గురించి ఆలోచిద్దాము. ఆ మాట ‘మీరు’.

కొన్నేళ్ళ క్రిందట ఒక పురపాలక సంఘంలో పారిశుద్ధ్య కార్మికుల కోర్కెలపై చర్చలకు వెళ్ళాము. అధికారి కార్మికులను ‘నువ్వు’ అని సంబోధించగా తీవ్రంగా అభ్యంతరం తెలిపాము. ఆయన దిద్దుకొన్నారు. బయటకు వచ్చాక మాలో ఒకరు, వెంట వచ్చిన కార్మికురాలితో ‘ఒసే, ఆ ఫైలు ఇటు తే’ అన్నారు. ఆమె ఫైలు అందిస్తూ, ‘లోపల మీరు చెప్పింది ఆ అయ్యకేనా, మనకు కూడానా?’ అని అడిగారు. మాకు నోట మాట రాలేదు.

‘నువ్వు’ చెడ్డ మాట కాదు. తల్లిని నువ్వు అంటాము. ఇరువురూ పరస్పరం నువ్వు అనుకొంటే అది చనువు. ఒకరు నువ్వు అంటూ, రెండవవారు మీరు అనవలసి వస్తే అది అంతస్తు. తండ్రి వయస్సున్న దళిత కార్మికుని ‘ఏరా’ అని పిలవడం కులం నేర్పిన అలవాటు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దు చేసింది. నాలుక మీద అది ఇంకా మిగిలే ఉన్నది.

మన వ్యాకరణం చూడండి. ‘అతడు వచ్చాడు’ అంటాము. కాని ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాము. ఏకవచనంలో స్త్రీకి, వస్తువుకు క్రియ ఒక్కటే. ‘వారు వచ్చారు’ అన్నప్పుడు స్త్రీ పురుష భేదమే లేదు. తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకొనే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉన్నదని 2014లో నాల్సా కేసు తీర్పులో సుప్రీంకోర్టు ప్రకటించింది. అటువంటి తోటి కార్మికులను ఎలా పిలవాలో తెలియకపోతే వారినే అడగండి. అంతవరకు ‘మీరు’, ‘వారు’ మన భాషలో సిద్ధంగా ఉన్నాయి.

మరొక మాట. ‘మేము’ అంటే వినేవారు అందులో లేరు. ‘మనము’ అంటే ఉన్నారు. ‘మేము పర్మనెంటు, వాళ్ళు కాంట్రాక్టు’ అనే యూనియను, కార్మికులను చీల్చే పనిని యజమానికి తానే చేసిపెడుతున్నది.

కాబట్టి సభలో, గేటు మీటింగులో సభ్యులందరినీ ‘మీరు’ అందాము. మినిట్సు పుస్తకంలో అందరి పేర్లకూ ‘గారు’ చేర్చుదాము. ఇందుకు నిధులు అక్కరలేదు, యాజమాన్యం అనుమతి అక్కరలేదు. ఆ సోదరి అడిగిన ప్రశ్నకు మనము ఇవ్వగల జవాబు ఇదే.