నిప్పు చుట్టూ కథలు: రష్యావి, మనవి



బాన్సువాడ చుట్టుపక్కల తాండాల్లో పుట్టిన మేము రష్యా కథల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. కానీ ఆ కథల్లో మాకు మన ఇళ్లే కనిపించాయి.

అమెరికా రచయిత్రి కేథరిన్ ఆర్డెన్ 2017లో 'ద బేర్ అండ్ ద నైటింగేల్' అనే నవల రాశారు. అందులో పొయ్యి దగ్గర దమవోయ్ అనే ఇంటి దేవత ఉంటాడు. మతగురువు భయపెట్టడంతో జనం అతనికి రొట్టె పెట్టడం మానేస్తారు. అతను నీరసించిపోతాడు.

మాకు దీపావళి గుర్తొచ్చింది. ఆ రోజు నిప్పుల్లో నెయ్యి, తీపి వేసి మన పెద్దలను పిలుస్తాం కదా, అదే ధబుకార్. మరి మీలో ఎంతమందికి ముత్తాత పేరు తెలుసు? పేరు తెలియకపోతే ఎవరిని పిలుస్తాం?

రష్యా రైతులు ఇల్లు మారితే పాత పొయ్యిలోని నిప్పులు కుండలో తీసుకెళ్లి దమవోయ్‌ను కొత్తింటికి రమ్మనేవారట. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ లదేణిలో తిరిగిన మన పెద్దలకూ నిప్పు ఉన్న చోటే ఇల్లు.

ఇంకో పోలిక చేదుగా ఉంటుంది. కోడికాళ్ల గుడిసెలో ఉండే ముసలి మంత్రగత్తె బాబా యాగా. పిల్లల్ని తింటానంటుంది. కానీ వాసిలీసా అనే అమ్మాయికి ఇంటికి కావాల్సిన నిప్పు ఇచ్చేదీ ఆమే. మన కథల్లో డాకణ్ ఉంది. కథలో ఉన్నంతసేపు సరదాగా భయపడదాం. ఆ పేరును తాండా చివర ఒంటరిగా ఉన్న ముసలమ్మకు అంటగడితే మాత్రం అది కథ కాదు, నేరం. చేతబడి అనుమానంతో మన తెలంగాణలో ప్రాణాలే పోయాయి. అలాంటి మాట వినపడితే ముందు అడ్డం నిలబడాల్సింది చదువుకున్న మనమే. ఆ ముసలమ్మ దగ్గర కూర్చుంటే మనకు దొరికేది కథల నిప్పు.

అఫనాస్యేవ్ అనే ఆయన 1855 నుంచి 1863 వరకు సుమారు 600 రష్యా కథలను అచ్చు వేయించాడు. అందుకే అవి మన దాకా వచ్చాయి. మన గోర్‌బోలికి సొంత లిపి లేదు, కానీ మన చేతిలో తెలుగు లిపి ఉంది, ఫోను ఉంది. వచ్చే తీజ్ లోపు ఒక్కొక్కరం ఒక్క కథ రికార్డు చేసి, చెప్పినవారి పేరుతో సహా రాసి తెద్దాం.

జై సేవాలాల్!