సాయం పొందేవారి వివరాలూ అమానతే



మీరిచ్చిన ప్రతి రూపాయికీ మేం లెక్క చెబుతున్నాం. ఆ సాయం అందుకున్న వితంతువుల, విద్యార్థుల, రోగుల వివరాలు మా ఆఫీసు కంప్యూటర్లలో ఉన్నాయి. అవీ అమానతే. వాళ్ల అవసరం నలుగురి నోళ్లలో పడకుండా కాపాడాలి.

2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఎన్నో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేశాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. చాలాచోట్ల అది వేసే నాథుడే లేడు.

అందుకే అన్ని శాఖల కంప్యూటర్లకూ ఒక్కచోట నుంచే అప్‌డేట్లు వేసే ఏర్పాటు తలపెట్టాం. అయితే దూరం నుంచి మేం తెరిచే తలుపును దొంగ కూడా తెరవగలడు. కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదలం. వీపీఎన్ ద్వారా, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ ఇస్తేనే ప్రవేశం. ఉద్యోగం మానినవారి ఖాతా ఆ రోజే మూసేస్తాం. ఒక బ్యాకప్‌ను నెట్‌వర్క్‌కు కలపకుండా విడిగా దాస్తాం.

ఈ ఖర్చు కంటికి కనిపించదు. అయినా పుస్తకాలకు, మందులకు ఇచ్చినట్టే దీనికీ కొంత కేటాయించండి. పుచ్చుకున్నవారి గుట్టు కాపాడడం కూడా దానంలో భాగమే.