అడుగక వ్రాసిన లెక్క

కెనడా దేశమున పడమటనున్న ఆల్బర్నీ వసతి పాఠశాలలో, ఆదివాసి బాలబాలికలకు అవసరమగు పాలలో సగమైనను ఈయక రెండేండ్లపాటు పరీక్ష సాగించిరి. 1948-1952 నడుమ ఆరు పాఠశాలలలో ఇట్టి ఆహారపరీక్షలు జరిగెను. ఆకలిగొన్న పిల్లలను పరీక్షించిరే గాని, వారి సమ్మతిని గాని, తల్లిదండ్రుల అనుమతిని గాని కోరలేదు. ఈ సంగతి 2013లో లోకమునకు బాగుగ తెలియవచ్చెను.

అంతకు మునుపే, 1998లో, అచ్చటి ఆదిమజాతులవారు ఒక ధర్మమును నిర్ణయించుకొనిరి: తమ్ము గూర్చి సేకరించిన సమాచారమునకు స్వామిత్వము, అధికారము, దానిని చూచు హక్కు, భద్రపరచు బాధ్యత తమవే. వారే నడుపు ఆరోగ్యపరిశీలనలో 12 మొదలు 17 ఏండ్ల యువజనులకు ప్రత్యేక ప్రశ్నావళి కలదు. తమ క్షేమమును తామే చెప్పుకొందురు.

పొలము చూడక, రైతు నడుగక వ్రాసిన అడంగలు ఎంత చక్కగ కూడినను సత్యము కానేరదు. పిల్లల క్షేమము నెరుగ దలచినవారు ముందుగ వారి ప్రక్కన కూర్చుండి, ఏమి అడుగవలెనో వారినే అడుగవలెను.