నేల కింద సొత్తు



ఒకసారి మన వంటింట్లోకి చూడండి. కత్తిపీట ఇనుముది. అన్నం గిన్నె అల్యూమినియంది. గోడకు పూసింది సిమెంటు. ఇవన్నీ ఎక్కడివి? భూమి కడుపులోంచి వచ్చినవే. ఇనుప రాయి కరిగిస్తే ఇనుము వస్తుంది. బాక్సైటు రాయి నుంచి అల్యూమినియం తీస్తారు. సిమెంటుకు సున్నపురాయి కావాలి. ఇలా భూమిలోంచి తవ్వి తీసేవాటిని ఖనిజాలు అంటారు. తవ్వే చోటును గని అంటారు.

తెలుగు నేలలో ఖనిజాలకు కొదవ లేదు. ఇల్లెందు దగ్గర 1889లోనే బొగ్గు తవ్వడం మొదలైంది. అదే సింగరేణి బొగ్గు. దాన్ని మండించి కరెంటు తీస్తారు. కోడూరు దగ్గర మంగంపేటలో ముగ్గురాయి ఉంది. చమురు బావులు తవ్వేటప్పుడు ఆ రాతి పొడి వాడతారు. విశాఖ మన్యంలో బాక్సైటు కొండలున్నాయి.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వరి కోస్తే మళ్లీ పండుతుంది. బొగ్గు తవ్వితే మళ్లీ రాదు. అది తయారు కావడానికి కోట్ల ఏళ్లు పట్టింది. అందుకే తవ్వక ముందే అడగాలి. ఎవరు తవ్వుతారు? లాభం ఎవరికి? ఆ ఊరి వాళ్లకు మిగిలేదేమిటి?

అలా అడిగిన వాళ్లున్నారు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా గుహలున్నాయి. చుట్టూ గిరిజనుల పల్లెలు. అక్కడి నేలను గనుల కోసం ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు లీజుకిచ్చింది. లీజంటే కౌలు లాంటిదే. గిరిజనుల తరఫున 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయింది. అయినా వదల్లేదు. సుప్రీంకోర్టు దాకా పోయింది.

1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఈ మాట ప్రభుత్వానికీ వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీలకు ఆ నేల లీజుకివ్వడం చెల్లదు. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చు. ప్రభుత్వ సంస్థ తవ్వవచ్చు. లాభంలో నూటికి 20 రూపాయలకు తగ్గకుండా అక్కడి నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పెట్టాలి. ఇదీ తీర్పు.

2015లో ఇంకో చట్టం వచ్చింది. గనులున్న జిల్లాలో ఒక నిధి పెట్టాలి. దాని పేరు జిల్లా మినరల్ ఫౌండేషన్. గనుల వాళ్లు అందులో డబ్బు కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకు అది ఖర్చు పెట్టాలి.

అయితే చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు. గని దుమ్ము వచ్చి పడేది మన బిందెలోనే కదా! బావి ఎండితే మైళ్లు నడిచేదీ ఆడవాళ్లే. కనుక గ్రామసభకు పోవాలి. నిధి డబ్బు ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని అడగాలి.

ఎవరైనా కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమంటే తొందరపడకండి. కాగితం చేతిలోకి తీసుకోండి. ఏ సర్వే నంబరు? ఎన్ని ఎకరాలు? ఎన్నేళ్లకు? ఎవరి పేరున? కూడబలుక్కునైనా చదవండి. అర్థం కాకపోతే పదిమందిలో చదివించండి. ఆ తర్వాతే సంతకం సంగతి.