సంతానలేమి – మగవాని వంతు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట ఇటువంటి విషయమేమిటని కొందరికి తోచవచ్చును. ఉగాది నాడు బూరెలకంటె ముందు వేపపువ్వు నోట వేసికొనే వాళ్ళము గనుక, ఈ మాటలకు నేడే తగిన రోజు అనుకొన్నాను. నేను వైద్యుడను కాను. రైల్వేలో గుమాస్తాను, నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. తెలిసిన వైద్యులను అడిగి, దొరికినంత చదివి, నాకు అర్థమైనంత మేరకు మీ ముందు ఉంచుతున్నాను.

మన భాషలో గొడ్రాలు అనే మాట ఉన్నది. మగవానికి అటువంటి మాట మన ఇండ్లలో వాడుకలో ఉన్నదా అని వెదకి చూచినాను, నాకు దొరకలేదు. మాటే లేనప్పుడు నింద మాత్రము అతని దరికెట్లా చేరుతుంది? పెండ్లయి రెండేండ్లు గడిస్తే కోడలి చేత రావిచెట్టుకు ప్రదక్షిణలు చేయిస్తాము, నాగప్రతిష్ఠ చేయిస్తాము, సుబ్రహ్మణ్య షష్ఠికి ఉపవాసముంచుతాము. అప్పటికీ కాకపోతే ఆమెనే ఆసుపత్రికి పంపుతాము. దశరథ మహారాజుకు ముగ్గురు రాణులు. ముగ్గురికీ సంతానము లేదు. లెక్క చూస్తే వేలు ఏ వైపు చూపవలసినదో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు! అయినా ఆ మహారాజు యజ్ఞదీక్ష తానే వహించినాడు గాని, భార్యలను పుట్టిండ్లకు పంపలేదు. పాండురాజు తనవలన సంతానము కలుగదని కుంతితో నోరు విప్పి చెప్పుకొన్నాడు. ఇప్పటి మగవారము వారి కథలు వింటాము, వారి ధైర్యము మాత్రము తెచ్చుకొనము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము పెద్దలలో ఇంచుమించు ఆరుగురికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని అనుభవించినవారే. అట్టి జంటలలో దాదాపు సగము చోట్ల మగవాని లోపము, ఒంటిగానో భార్య లోపముతో కలిసియో, ఉంటున్నదని వైద్యులు చెబుతారు. సింగిల్ లైను మీద బండి రాకపోతే రెండు స్టేషన్లలోనూ విచారిస్తాము గాని, ఒక్క స్టేషను మాస్టరునే నిలబెట్టి అడగము గదా!

మా పేటలో అనంతపురం వైపు నుండి వచ్చిన ఒక జంట ఉన్నారు. పెండ్లయి ఆరేండ్లు. ఆ అమ్మాయికి గర్భాశయ నాళములలో మందు ఎక్కించి ఫోటో తీసినారు. తరువాత పొట్టకు రంధ్రము చేసి గొట్టముతో లోపల చూచినారు. నెల నెలా మాత్రలు మ్రింగి ఆమె ఒళ్ళు ఉబ్బినది. రెండు గాజులు కుదువకు పోయినవి. ఊరి నుండి అత్తగారు వచ్చి, అబ్బాయికి రెండవ సంబంధము చూస్తామనే వరకు వచ్చినది. ఆ ఆరేండ్లలో ఆ అబ్బాయి ఒక్క పరీక్ష చేయించుకోలేదు. అడిగిన వైద్యులూ లేరు. చివరకు ఒక వైద్యురాలు, "మీ ఆయన రిపోర్టు తెచ్చేదాకా నీకు మాత్ర వ్రాయను" అని ఖండితముగా చెప్పినది. పరీక్ష చేస్తే కణముల సంఖ్య బాగా తక్కువ. వృషణముల చుట్టు రక్తనాళములు ఉబ్బి ఉన్నవి. దానిని వేరికోసీలు అంటారు. శస్త్రచికిత్స జరిగినది, సంఖ్య కొంత పెరిగినది. బిడ్డ ఇంకా కలుగలేదు. కాని రెండవ సంబంధము మాట ఆ ఇంటిలో మరల వినబడలేదు.

ఆ పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు. కత్తి లేదు, నొప్పి లేదు. రెండు మొదలు ఏడు రోజులు నిగ్రహముగా ఉండి వీర్యమును శుభ్రమైన డబ్బాలో ఇస్తే, గంటలోగా సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఈ కణములను మొదట 1677లో చూచిన లేవెన్‌హుక్ హాలండులో బట్టల వర్తకుడు. విశ్వవిద్యాలయము ముఖము చూచినవాడు కాడు. మావంటి వారికి అదొక ధైర్యము! 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలతల ప్రకారము మిల్లీలీటరుకు ఒక కోటి అరవై లక్షల కణములు, వాటిలో నూటికి 42 కదలేవి, నూటికి 4 సరియైన ఆకారము గలవి క్రింది హద్దు. నూటికి నాలుగేనా అని బెంగపడవద్దు. తండ్రులైన వారిలోనూ అంతంత మాత్రమే ఉంటుంది. హద్దుకు తగ్గినంత మాత్రాన బిడ్డ కలుగదని తీర్పు కాదు. కణము తయారగుటకు రెండున్నర నెలలకు దగ్గరగా పడుతుంది. జ్వరము వచ్చి తగ్గినా సంఖ్య పడిపోతుంది. అందుచేత ఒక్క రిపోర్టుతో క్రుంగిపోక రెండవసారి చూపించవలెను.

ఇక కారణములు. వృషణములు శరీరమునకు వెలుపల ఉండుట ఊరక కాదు. శరీర ఉష్ణముకంటె రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వాటి పని సాగుతుంది. బేకరీ పొయ్యిల దగ్గర, వెల్డింగు షెడ్లలో పగలంతా వేడిలో పని చేసేవారు, లాప్‌టాప్ ఒడిలో పెట్టుకొనేవారు దీనిని గుర్తించవలెను. కొందరు పసివాండ్రకు పుట్టినప్పుడు వృషణము క్రిందికి దిగి ఉండదు. నలుగు పెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ సంగతి మొదట కనిపెట్టగలరు. ఆరు నెలలకూ దిగకపోతే, పెద్దయితే అదే సర్దుకొంటుందని ఊరుకోక, ఏడాది ఏడాదిన్నర లోపల శస్త్రచికిత్స చేయించవలెను. ఈడు వచ్చిన తరువాత గవదబిళ్ళలు వస్తే వృషణములు వాచి దెబ్బ తినవచ్చును. క్షయ, సుఖవ్యాధులు నాళములను మూసివేయవచ్చును. పొగాకు, సారాయి, మధుమేహము చేసే చెరుపు సరేసరి.

పురుగుమందుల సంగతి మన రైతు కుటుంబముల వారు వినదగినది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డి.బి.సి.పి. అనే మందు తయారుచేసే కార్మికులు, తమలో ఎవరికీ పిల్లలు కలుగుట లేదని తామే గమనించి పరీక్షలకు పట్టుబట్టినారు. చాలామందిలో కణములు తగ్గినవి, కొందరిలో బొత్తిగా లేవు. ఏ పెద్దలూ కనిపెట్టక ముందు ఆ కూలివాండ్రు సిగ్గు విడిచి ఒకరితో ఒకరు మాట్లాడుకొన్నందుననే అది బయటపడినది.

వ్యాయామశాలలకు వెళ్ళే మన కుర్రవాండ్ర సంగతి మరింత దిగులు. కండలు పెరుగుటకు తీసికొనే టెస్టోస్టిరోను, స్టిరాయిడ్ సూదులు పుంసత్వమును పెంచుతవని వారి భ్రమ. బయటి నుండి ఆ హార్మోను వస్తే మెదడు లోపలి ఫ్యాక్టరీని మూసివేయమని ఉత్తరువు ఇస్తుంది. కణములు సున్నకు రావచ్చును. మానివేస్తే చాలామందికి తిరిగి వస్తవి గాని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది పైన పడుతుంది. బిడ్డ కావలెనన్న మగవానికి ఈ సూది ఎవరైనా బలమునకని వ్రాస్తే, పొడిపించుకొనక మునుపు మరొక వైద్యుని అడగండి.

పుంసత్వము వేరు, సంతానశక్తి వేరు. సంసారమునకు ఏ లోటూ లేని మగవానిలో ఒక్క కణము లేకపోవచ్చును. కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారిని చూడండి. వారి మగతనమునకు వచ్చిన కొరత ఏమీ లేదు. ఈ రెంటినీ ఒకటిగా భావించుట చేతనే మన మగవారు పరీక్ష అంటే జంకుతున్నారు. బండిలో కిటికీ దగ్గర కూర్చుంటే పట్టాల ప్రక్క గోడల మీద గుప్తరోగముల ప్రకటనలు ఊరూరా కనబడతవి. అటువంటి ప్రకటనలను నిషేధించే చట్టము 1954లోనే వచ్చినది. గోడలకు మాత్రము ఆ వార్త చేరలేదు. ఆ పొడులు, లేహ్యములు తింటూ పోగొట్టుకొనే సొమ్ము ఒక ఎత్తు, పోగొట్టుకొనే కాలము మరొక ఎత్తు. భార్య వయస్సు ఆగదు గదా.

చికిత్సకు వస్తే, మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి హార్మోను తక్కువైనవారికి కొన్ని నెలలు సూదులు ఇస్తే కణములు పుట్టుట కద్దు. నాళము మూసుకొన్నచోట అతికించవచ్చును, లేదా వృషణము నుండి సూదితో కణమును తీయవచ్చును. కణములు కొద్దిగా తక్కువైతే వాటిని శుద్ధి చేసి గర్భాశయములో ప్రవేశపెడతారు. బాగా తక్కువైతే ఒక్క కణమును తీసికొని అండములోనికి సూదితో ఎక్కించే ఇక్సీ పద్ధతి ఉన్నది. బెల్జియంలోని బ్రస్సెల్స్ నగరములో దీనితో గర్భములు నిలిచిన వార్త 1992లో వెలువడినది. ఒక్కొక్క ప్రయత్నమునకు లక్ష రూపాయలు దాటుతుంది. ఫలితము నిశ్చయము కాదు. అప్పు చేసే ముందు, మీ భార్య వయస్సులో ఎందరికి బిడ్డ చేతికి వచ్చినదని అడగండి. గర్భము నిలిచినవారి లెక్క వేరు, బిడ్డతో ఇంటికి వెళ్ళినవారి లెక్క వేరు.

కణములు బొత్తిగా లేనివారికి క్రోమోసోముల పరీక్ష చేయవలసి ఉంటుంది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు ఇట్టివారిని పరీక్షించి, నూటికి ఎనిమిది తొమ్మిది మందిలో వై క్రోమోసోములో ముక్కలు లోపించినవని 2003లో ప్రచురించినారు. ఇది పూర్వజన్మ పాపము కాదు, ఎవరి శాపమూ కాదు. అట్టివాని కణముతో ఇక్సీ ద్వారా కొడుకు పుడితే ఆ లోపము అతనికీ సంక్రమిస్తుంది గనుక ముందుగా తెలిసికొనుట మేలు.

ఏ దారీ లేనప్పుడు దాత వీర్యము, దత్తత ఉన్నవి. 2021 నాటి చట్టము ప్రకారము దాత వీర్యము రిజిస్టరు అయిన బ్యాంకు నుండియే రావలెను. భార్యాభర్తలిద్దరి వ్రాతపూర్వకమైన అంగీకారము ఉండవలెను. పుట్టిన బిడ్డ సర్వహక్కులతో ఆ దంపతుల బిడ్డయే. దాతకు హక్కు లేదు. భర్తకు తెలియకుండా అత్తయ్యలు నడిపే గ్రంథములు చట్టమునకూ విరుద్ధము, సంసారమునకూ చేటు. ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే దాని రిజిస్ట్రేషను నంబరు చూడండి.

ఏడాది పాటు ప్రయత్నించినా బిడ్డ కలుగకపోతే, భార్యకు ముప్పదియైదు దాటినచో ఆరు నెలలకే, ఇద్దరూ ఒకే రోజు వెళ్ళండి. మగవారికి మూత్రకోశ వ్యాధుల వైద్యులు చూస్తారు. విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని నెఫ్రో యూరాలజీ సంస్థ ప్రభుత్వమువారిదే. కన్నడము రాదని వెనుదీయవద్దు. ఇటువంటి మాటలు పరాయి భాషలో చెప్పుకొనుట కష్టమని నాకూ తెలుసు. సభలో అడుగుటకు మొగమాటపడే సోదరులు భోజనాలైన తరువాత నన్ను విడిగా కలిసికొనవచ్చును. నా సెలవు రోజు గురువారము, తోడుగా వస్తాను.