ఉప్పుగాలి తోటలో ఎఱ్ఱని తీగగులాబి
(రైతులకొఱకు చేసిన ప్రసంగపాఠము)



సముద్రమునకు సమీపమున ఇల్లు గల రైతు గుమ్మము ముందు గులాబి నాటుటయు, రెండేండ్లలో అది మాడిపోవుటయు, పిమ్మట “ఈ గాలికి గులాబి బ్రతుకదు” అని చెప్పుకొనుటయు పరిపాటి. ఈ మాటలో సగమే నిజము. గాలి ఆకును కాల్చునే గాని మొక్కను చంపుట అరుదు. మొక్కను చంపునది పెక్కుచోట్ల నీటిలోని ఉప్పు. ఆ ఉప్పు నీటిలోనికి వచ్చిన దారిని విచారించినచో, నేరము సముద్రమునదియే గాక కొంత రైతుదియు నగును. ఒక్క గులాబి నిమిత్తముగా ఈ సంగతి నెఱుగుట భూమి కంతటికిని మేలు.

రకము

తీగగులాబులలో ఇరువది, ముప్పది అడుగులు ప్రాకునవి కలవు. అట్టివి తీరమునకు తగవు. పెనుగాలికి పందిరితో గూడ కూలును. పొట్టిగా పెరుగు రకమే కావలెను. ఇందులకు మంచి నిదర్శనము ‘డబ్లిన్ బే’ అను ఎఱ్ఱ గులాబి. ఐర్లండు దేశపు తూర్పుతీరము నందలి అఖాతము పేరు దీనికి పెట్టబడినది. ఉత్తర ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణమున తరతరములుగా గులాబులు పెంచిన వంశమునకు చెందిన శామ్ మెక్‌గ్రెడీ, 1972వ సంవత్సరమున న్యూజిలాండునకు తరలిపోయి, 1975 ప్రాంతమున దీనిని లోకమునకు ఇచ్చెను. ‘బాంట్రీ బే’, ‘ఆల్టిసిమో’ అను రెండు తీగల సంపర్కమువలన ఇది పుట్టినది. సాధారణముగా ఎనిమిది మొదలు పది అడుగుల వఱకు పెరుగును. ఆకు దళసరిగా, నిగనిగలాడుచుండును. పువ్వు గాఢమైన ఎఱుపు, వాసన స్వల్పము. ఒక విడత పూచి ఊరకుండక మరల మరల పూచును.

చల్లని దేశముల తీరములలో దీని పెంపకము అందఱెఱిగినదే. తెలుగు తీరమున ఉప్పుగాలి యట్టిదే గాని ఎండ మిక్కిలి తీవ్రము. కావున ఇది దొరకని రైతు, కడియము మొదలగు చోట్ల నర్సరీలలో ఈ ఎండకు అలవాటుపడిన పొట్టి ఎఱ్ఱ తీగగులాబిని తీసికొనవచ్చును. పెంచు పద్ధతి రెంటికిని ఒకటియే.

చోటు, నాటుట

ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నానంతరము కొంత నీడ పడు చోటు శ్రేష్ఠము. సముద్రమువైపు చాటు ఉండవలెను. అయితే చాటునకు నిండు గోడ కట్టరాదు. గాలి గోడను దాటి అవతల సుడులు తిరిగి మొక్కను మఱింత విఱుచును. సరుగుడు వరుస గాని, సందులుగల తడిక గాని గాలిని ఆపక నెమ్మదింపజేయును. ఆకులకు తగులవలసిన ఉప్పుతుంపరలో కొంత దానికే పట్టుకొనును.

వానలు వెనుకబట్టిన పిమ్మట నాటుట మంచిది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంట తీసి, ఆ మట్టిలో బాగుగా మాగిన పశువుల యెరువును మూడవ వంతు కలిపి నింపవలెను. పచ్చి యెరువు పనికిరాదు. బూడిదను కుప్పగా పోయరాదు. అందును ఉప్పులు కలవు. రసాయనిక యెరువులును ఉప్పులే గనుక కొంచెము కొంచెముగానే వేయవలెను. నల్లరేగడి యందు నీరు దిగదు గనుక ఒక అడుగు ఎత్తు తిన్నె వేసి నాటి, ప్రక్కన కాలువ తీయవలెను. గోడకు ఒకటిన్నర అడుగు ఎడముగా నాటి, మొక్కను గోడవైపు వాల్చవలెను. అంటు కట్టిన చోటికి దిగువనుండి లేచు పిలకలను మొదలంట పెఱికివేయవలెను. అవి అడుగు మొక్కకు చెందినవి. ఉపేక్షించినచో కొన్న గులాబి పోయి కొనని గులాబి మిగులును.

నీరు

ఇసుకనేలలో వాననీరు క్రిందికి ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రజలము మంచినీటికంటె నూటికి రెండున్నర వంతులు బరువు. ఈ స్వల్పభేదము వలననే మంచినీటి పొర నిలుచుచున్నది. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు నిలిచినచో, క్రింద సుమారు నలుబది అడుగుల వఱకు మంచినీరే యుండును. దీని విపర్యయమును గమనింపవలెను. ఎడతెగక తోడుటచే పై మట్టము ఒక అడుగు తగ్గి అట్లే యుండిపోయినచో, అడుగు ఉప్పు క్రమముగా నలుబది అడుగులు పైకి వచ్చును. లోతుగా బోరు దింపి, బలమైన యంత్రముతో గంటలకొలది తోడు రైతు ఉప్పును తానే పిలుచుకొనుచున్నాడు. ఒకసారి ఉప్పెక్కిన బావి మరల తీపియగుటకు ఏండ్లు పట్టును. చెడునది ఆతని బావి మాత్రమే గాదు. గట్టు అవతలి వాని నారుమడియు చెడును.

బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుకభూములలో పూర్వులు ఈ సంగతిని అనుభవముచే గ్రహించిరి. వారు లోతుగా పోక, దొరువులను లోతులేని గుంటలు త్రవ్వి, పైపొర నీటిని మాత్రమే కడవలతో ముంచి మళ్లకు పోసెడివారు. పిదప బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఆ పద్ధతినే మెఱుగుపఱచి, ఇసుకలో అడ్డముగా గొట్టములు పఱచి, ఊరిన నీటిని ఒక బావిలోనికి చేర్చి తోడు ఉపాయమును ప్రచారము చేసిరి. పైపైన, నెమ్మదిగా, ఆపి ఆపి తోడుట తీరపు బావికి ప్రథమ ధర్మము.

గులాబికి దినదినము చెంబెడు నీరు పోయుట తప్పు. నీరు ఆవిరియై పోయి, అందలి ఉప్పు వేళ్లచుట్టు మిగులును. మట్టి పైభాగము ఆరినపుడు వేళ్ల అడుగు వఱకు దిగునట్లు నిండుగా పోయవలెను. నెలకొకసారి ఇంకను ఎక్కువగా పోసి పాత ఉప్పును క్రిందికి కడిగివేయవలెను. ఇంటికప్పు వాననీటిని తొట్టిలో నిలువచేసి దీనికి వాడుట సర్వోత్తమము. మొదట ఎండుటాకులు కప్పినచో నీరు నిలుచును, ఉప్పు పైకి తేలదు.

ఆకు చెప్పు సాక్ష్యము

గులాబి ఉప్పును ఓర్వజాలని మొక్క. కనుక అది రైతునకు ముందుగా వర్తమానము తెచ్చును. సముద్రమువైపు ఆకులు మాత్రమే మాడి, చాటువైపు పచ్చగా నున్నచో అది గాలి పని. గట్టి గాలి వీచిన మఱునాటి ఉదయము మంచినీటితో ఆకులు కడిగినచో చాలును. అట్లుగాక, అన్ని వైపులను, ముందుగా ముదురాకుల అంచులు మాడుచు వచ్చినచో వేళ్లయొద్ద ఉప్పు హెచ్చినదని అనుమానింపవలెను. అప్పుడు మొక్కను నిందింపక, బావినీటిని, మట్టిని పరీక్షకు పంపవలెను. గుమ్మము ముందఱి యీ సూచనను లక్ష్యపెట్టని వాడు దానినే పిదప పొలములో చూడవలసివచ్చును.

కొమ్మ వంచుట

ఈ తీగ మొదటి రెండేండ్లు పొదవలె నుండి ప్రాకకపోవుట కలదు. తొందరపడి కత్తిరింపరాదు. కొమ్మ నిలువుగా నున్నంత కాలము కొనమొగ్గ క్రింది మొగ్గలను అణచివేయును. పువ్వు కొననే పూయును. లేతకొమ్మను మెల్లగా వంచి, అడ్డముగా గాని ఏటవాలుగా గాని కట్టినచో కొన అధికారము తగ్గి, కణుపు కణుపునను చిగురు పుట్టి, చిగురు చిగురునను పువ్వు నిలుచును. తీరమున దీనివలన రెండవ లాభము కలదు: వంగి కట్టుబడిన కొమ్మను గాలి విఱువజాలదు. ఇనుపతీగ ఉప్పుగాలికి త్రుప్పుపట్టి తెగును గనుక వెదురుబద్దలకు కొబ్బరితాటితో వదులుగా కట్టవలెను. మూడేండ్ల పిమ్మట ఏటేట ఒక ముసలి కొమ్మను మొదలంట తీసివేసి క్రొత్తదానికి చోటు ఇయ్యవలెను. వాడిన పూలను ఎప్పటికప్పుడు త్రుంచవలెను.

తెగుళ్లు

తీరపు తేమకు నల్లమచ్చ తెగులు పుట్టును. ఆకు గంటల తరబడి తడిగా నున్నప్పుడే ఇది అంటుకొనును. కావున సాయంకాలము ఆకులు తడుపరాదు. కడుగవలసినచో ఉదయముననే కడుగవలెను. మచ్చపడిన ఆకులను ఏరి కాల్చివేయవలెను. లేతచిగురులను పట్టు పేనుబంకను నీటిధారతో రాల్చవచ్చును.

ముగింపు

ఇందు చెప్పినది అందఱికిని సాధ్యమైన పనియే. గాలికి చాటు, వేళ్లకు మంచినీరు, కొమ్మకు వంపు — ఈ మూడును కుదిరిన ఇంట గులాబి తప్పక పూచును. మూడింటిలో చాటును వంపును రైతు తన ఇంట తానే అమర్చుకొనవచ్చును. నీరు మాత్రము ఊరివారందఱి ఉమ్మడి సొత్తు. ఒక్కడు ఆశకొలది తోడినచో అందఱి బావులకును చేటు. కావున ఈ పత్రమును చదివిన వారు చదువురాని పొరుగువారికి చదివి వినిపించి, బావులు తోడు వేళలను కలిసి మాటలాడుకొని నిర్ణయించుకొందురు గాక.