కోడిపిల్ల కాళ్లు జారినచో ఏమి చేయవలెను?
(బాటసింగారము రైతులకు చేసిన ప్రసంగము)



నేను పంటల శాస్త్రము బోధించువాడను. కోడిపిల్లల కాళ్లతో ఈయనకేమి పని యని మీకు తోచవచ్చును. కోడిపిల్ల నిలుచుటకు ఊక కావలెను, తినుటకు గింజ కావలెను. ఆ రెండును పొలమునుండి వచ్చునవే. కాళ్లు చెడుటకు కారణము తరచుగా పిల్ల నిలిచిన నేలలోనో, తల్లి తిన్న గింజలోనో దొరకును. అందుచేత ఈ విషయమును చెప్పుటకు పూనుకొన్నాను. జబ్బుల సంగతి పశువైద్యులు చెప్పవలసినది. వారియొద్దకు ఎప్పుడు పోవలెనో మాత్రము నేను చెప్పెదను.

గంప క్రింద పెట్టకు 12 గ్రుడ్లు పెట్టితిరనుకొందము. 21వ దినమున 9 పిల్లలు దిగినవి. వానిలో రెండు లేవలేక, కాళ్లు చెరియొక ప్రక్కకు చాపి, కప్పవలె నేలకు అంటుకొని పడియున్నవి. ఇట్టి పిల్లను "ఇది బ్రతుకదు" అని అవతల పెట్టుట చాల యిండ్లలో వాడుక. రెండు పోయినచో పెట్ట పడిన కష్టములో అయిదవ వంతుకు మించి పోయినట్లే. నాటుకోడికి పట్టణములో గిరాకి యెట్లున్నదో మీకు నేను చెప్పనక్కరలేదు, ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు బజారులు మీకు ఎంత దూరము? ఇట్లు కాళ్లు జారిన పిల్లలను మొదటి రెండు దినములలో పట్టించుకొన్నచో చాల భాగము లేచి తిరుగును. దానికి గోరంత ప్లాస్టరు ముక్క చాలును. వారము దాటినచో ఎముకలు, కీళ్లు వంకరగానే గట్టిపడును. అప్పుడు ఎంత శ్రమపడినను ఫలితము తక్కువ.

ముందుగా తొందరపడవద్దు. గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన పిల్ల తడిగా, సొమ్మసిల్లి, కొన్ని గంటలు తూలుచునే యుండును. అది సహజము. పెంకుకు చిల్లు పెట్టిన తరువాత బయటపడుటకు 12 మొదలు 24 గంటలు కూడ పట్టవచ్చును. ఆలస్యమైనదని పెంకు ఒలిచి, కాలు పట్టి లాగుట మంచిది కాదు. కొన్ని పిల్లల కాళ్లు చెడునది అక్కడనే. పొట్టలోనికి పీల్చుకొన్న పచ్చసొన రెండు దినములకు పైగా ఆహారమిచ్చును గాన ఆకలితో చచ్చునన్న భయము లేదు. పూర్తిగా ఆరి, మిగిలిన పిల్లలు తిరుగుచుండగా ఇది మాత్రము లేవనిచో అప్పుడు చేతిలోనికి తీసికొని చూడవలెను.

చూచునప్పుడు మూడు సంగతులు గమనింపుడు. కాళ్లు తొడ మొదట విడిపోయి ప్రక్కలకు జారుచున్నవా? వ్రేళ్లు లోపలికి ముడుచుకొని పిడికిలివలె ఉన్నవా? లేక కాలు వెనుకకు వంగు కీలు వాచి, ఒక ప్రక్కకు తిరిగియున్నదా? మూడింటికిని ఉపాయములు వేరు.

మొదటిది మిక్కిలి సాధారణము, మిక్కిలి సులభము. గాయములకు అంటించు బట్ట ప్లాస్టరునుండి అర సెంటీమీటరు వెడల్పు, 8 లేక 10 సెంటీమీటర్ల పొడవు గల ముక్కను కత్తిరింపుడు. ఒకరు పిల్లను మెత్తగా గుప్పిట పట్టి కాళ్లు కడుపు క్రిందికి తేవలెను, మరియొకరు అంటింపవలెను. పొలుసులున్న సన్నని కాలికి ఒక కొసను చుట్టి, జిగురు వైపు జిగురు వైపునకు అంటించి, రెండవ కాలికిని అట్లే చేయవలెను. రెండు కాళ్ల నడుమ 2 మొదలు 2.5 సెంటీమీటర్ల యెడము ఉండవలెను. పక్కన చక్కగా నిలిచిన పిల్ల కాళ్ల మధ్య ఎంత యెడమున్నదో చూచి దానినే కొలతగా పెట్టుకొనుట అన్నింటికంటె మేలు. బిగించి కట్టినచో రక్తము ఆడదు. ఉన్ని దారము, సన్నని రబ్బరు ఉంగరము వాడువారు కలరు. దారము చర్మములోనికి కోసికొనిపోవును, రబ్బరు నొక్కివేయును. నేను రెండింటిని ఒప్పుకొనను.

కట్టిన వెంటనే పిల్ల వెల్లకిల పడును, గిలగిల కొట్టుకొనును. చూచి జాలిపడి విప్పివేయుదురు! విప్పవద్దు. లేపి నిలబెట్టుచుండుడు, గంటలోనో పూటలోనో అలవాటు పడును. పూటకొకసారి పాదములు చూడవలెను. వాచినను, నీలి రంగు తిరిగినను అప్పుడే విప్పి వదులుగా కట్టవలెను. దినమునకొకమారు విప్పి, నిలుచుచున్నదా యని చూచి, లేనిచో మరల కట్టుడు. రెండు మొదలు నాలుగు దినములలో చాల పిల్లలు నడచును. ప్లాస్టరు తీయునప్పుడు ఒక చుక్క వంటనూనె రాచినచో చర్మము ఊడిరాదు.

కట్టు ఉన్నంతవరకు దానిని మిగిలిన పిల్లలనుండి కొంచెము వేరుచేయవలెను, త్రొక్కుదురు, పొడుచుదురు. అయితే ఒంటరిగా పెట్టినచో అది అరచి అరచి తిండి మానును. నడుమ వల అడ్డుపెట్టి తోడివారి కంటబడునట్లు ఉంచుడు. వెచ్చదనము మొదటి వారము 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలెను. నీరు లోతులేని సాసరులో పోసి, అందులో గులకరాళ్లు వేయవలెను. కట్టుతో నున్న పిల్ల గరిటెడు నీటిలో కూడ మునిగి చచ్చును. ముక్కు కొనను నీటిలో ముంచి త్రాగుట నేర్పవలెను. మెత్తని గుడ్డ పరచిన చిన్న గిన్నెలో, కాళ్లు కడుపు క్రిందికి వచ్చునట్లు అరగంటసేపు కూర్చుండబెట్టి, మరల తీయుట కూడ మేలు చేయును.

ఇక కాళ్లు ఎందుకు జారినవి? నేల నునుపుగా ఉండుటచేత. వార్తాపత్రిక కాగితము, ప్లాస్టికు తొట్టి, పళ్లెము, గచ్చు, వీనిపై అప్పుడే పుట్టిన పిల్లకు పట్టు దొరకదు. గడ్డిఅన్నారమునుండి పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారమునకు వచ్చిన తరువాత మీ ప్రాంతములో అట్టపెట్టెలకు కొదువ లేదు. ఆ పెట్టెలో కాగితము పరచి పిల్లలను పోయుట చూచుచున్నాము. పెట్టె మంచిదే, కాగితము చెడ్డది. ఆ అట్టనే తీసికొని, పై పొరను తడిపి ఒలిచి ఆరబెట్టినచో లోపల గాడులు గాడులుగా ముడతల అట్ట కనబడును. దానిని పరచుడు. పిల్ల గోళ్లకు అంతకు మించిన పట్టు లేదు. మొదటి రెండు మూడు దినములు ఊకపై దీనిని పరచినచో పిల్లలు ఊకను గింజయని తినకుండును కూడ. గోనెగుడ్డ వేయదలచినచో పోగులు ఊడని దానినే వేయవలెను, పోగు వ్రేళ్లకు చుట్టుకొనిన కాలు ఎండిపోవును. యంత్రములో పొదిగించువారు 18వ దినమున గ్రుడ్లు త్రిప్పుట మానునప్పుడే జాలీపై గరుకు గుడ్డ వేయుట మరువరాదు.

రెండవది, వ్రేళ్లు ముడుచుకొనుట. పుట్టుకతోనే ఇట్లున్నచో తల్లికోడి మేతలో రైబోఫ్లేవిను అను బి2 విటమిను తక్కువైనదేమో యని అనుమానింపవలెను. పిల్లలకు కిలో దాణాలో 3.6 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిను కావలెనని లెక్క. నూకలు మాత్రమే తిని పెరిగిన పిల్లకు అంత దొరకదు. గట్టి కాగితమును పాదమంత కత్తిరించి, వ్రేళ్లు చక్కదిద్ది ప్లాస్టరుతో అంటించి రెండు దినములుంచినచో అది చెప్పువలె పనిచేయును. బి-కాంప్లెక్సు చుక్కల మందు ఎంత వేయవలెనో పశువైద్యుని అడిగి నీటిలో ఇయ్యవలెను. రాబోవు పొదుగుకు పెట్టలకు మునగాకు, తోటకూర, లూసర్ను గడ్డి వేయుడు. గ్రుడ్లు పెట్టించుటకు రెండు మూడు వారముల ముందునుండియే వేయవలెను, పొదుగుకు కూర్చున్న తరువాత వేసిన ఆకు ఆ గ్రుడ్లలోనికి పోదు.

మూడవది నరము జారుట. కాలి వెనుక కీలుపై నుండు నరము తన గాడినుండి తప్పుకొనును, కాలు మెలి తిరుగును. మాంగనీసు లోపముచేత ఇది వచ్చునని 1936లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన విల్గస్, నారిస్, హ్యూజరు కనుగొనిరి. ఇక్కడ నా పంటల శాస్త్రము పనికి వచ్చినది. కోడిపిల్లకు కిలో దాణాలో 60 మిల్లీగ్రాముల మాంగనీసు కావలెను. మొక్కజొన్నలో 10 మిల్లీగ్రాములైనను ఉండదు. వరి తవుడులోనో, సాధారణముగా 200కు పైబడియుండును. వరిమడిలో నీరు నిలిచినపుడు నేలలో గాలి తగ్గి, మాంగనీసు కరగు రూపమునకు మారును. పైరు దానిని పీల్చి గింజ పైపొరలో దాచుకొనును. ఆ పైపొరయే మనము మిల్లులో వదలివచ్చు తవుడు! అయితే తవుడే మేతగా పోయరాదు. అందులో పీచు ఎక్కువ, నిలువయున్నచో ముక్కిపోవును. కొత్త తవుడు దాణాలో పదవ వంతుకు మించకుండ కలుపుట చాలును.

మరియొక పొరపాటు గ్రుడ్లు పెట్టు కోళ్ల దాణాను పిల్లలకు పోయుట. అందులో సున్నము నూటికి మూడున్నర పాళ్లకు తగ్గదు; పిల్లకు ఒక పాలు చాలును. మిక్కిలి సున్నము మూత్రపిండములను చెరచును, మాంగనీసును ఒంటబట్టనియ్యదు. రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంచాలనాలయమువారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకొన్నవారు మొదటి ఆరు వారములు పిల్లల దాణానే వేయవలెను. వనరాజా నాటుపిల్లకంటె త్వరగా బరువెక్కును గాన కాళ్లపై భారము ఎక్కువ.

నరము జారిన పిల్లను గూర్చి దాపరికము లేకుండ చెప్పెదను. మొదటి దినముననే గమనించినచో వైద్యుడు నరమును గాడిలోనికి త్రోసి చూడవచ్చును, నిలుచునది కొన్నియే. లేచి తినలేక, త్రాగలేక, పుండ్లు పడుచున్న పిల్లను వారముల తరబడి ఉంచుట జాలి యనిపించుకొనదు. నొప్పి లేకుండ దాని బాధ తీర్చు మార్గమును వైద్యుని అడుగుడు. ఒకే పుంజు సంతతిలో మాటిమాటికి ఇట్టి కాళ్లే వచ్చుచున్నచో పుంజును మార్చవలెను. దాని చెల్లెండ్లతోనే దానిని దాటించుట మన పల్లెలలో ఎక్కువ.

మొదట చక్కగా నడచి, పిమ్మట పడిన పిల్ల సంగతి వేరు. మొదటి రెండు మూడు వారములలో తల వణకుచు కూలబడినను, దగ్గి, పచ్చగా పారి, మెడ తిరిగినను, నెల దాటిన పిల్ల ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాపినను కట్టు కట్టుచు కూర్చుండరాదు. అవి అంటు జబ్బులు కావచ్చును. మెడ త్రిప్పునది కొక్కెర తెగులు, 1927లో మన దేశములోనే రాణీఖేతులో గుర్తింపబడినది. దానికి 5 మొదలు 7 దినముల పిల్లకు కంటిలోనో ముక్కులోనో చుక్క టీకా కలదు. కాళ్లు చెరియొక వైపు చాపునది మారెక్సు వ్యాధి. దాని టీకా పుట్టిన దినముననే వేయవలెను. పిల్లలను కొనునపుడు వేసిరో లేదో అడిగి తెలిసికొనుడు.

పశువుల ఆసుపత్రికి పోవునప్పుడు జబ్బు పిల్లతో పాటు బాగున్న పిల్లను కలిపి తీసికొనిపోవద్దు, వేరు బుట్టలలో పెట్టుకొనుడు. మీరు వేయుచున్న దాణా పిడికెడు పొట్లము కట్టుకొని పొండు, సంచిపై చీటీ యున్నచో దానిని కూడ. పొదిగించిన తేదీ, పుట్టిన తేదీ, ఎన్ని పిల్లలలో ఎన్నింటికి కాళ్లు చెడినవో ఒక కాగితముపై వ్రాసికొని పోయినచో వైద్యునికి కారణము పట్టుకొనుట సులభమగును.